ఓములు తగ్గితే భారం పెరుగుతుంది



కారులో మంచి సౌండ్ సిస్టమ్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు దుకాణంలో మొట్టమొదట అడిగేది వాట్ల గురించే. అమ్మేవాళ్లూ ఆ అంకె మీదే మాట్లాడతారు. ఆంప్లిఫయర్ డబ్బా మీద వెయ్యి వాట్లనో, రెండువేల వాట్లనో పెద్దపెద్ద అక్షరాల్లో ఉంటుంది. అదే డబ్బా మీద, ఎక్కడో మూల, చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది. 4 ఓములు అనో, 2 ఓములు అనో రాసి ఉంటుంది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఆ ఆంప్లిఫయర్ ఏళ్ల తరబడి పాడుతుందా, నాలుగు రోజుల్లో మూగబోతుందా అన్నది చాలావరకు ఆ చిన్న అంకె మీదే ఆధారపడి ఉంటుంది. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఓములు తగ్గితే భారం పెరుగుతుంది. మళ్లీ చెప్తాను. స్పీకర్ల వైపు ఓములు తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది.

వినడానికి తిరకాసుగా ఉంది కదా? అంకె తగ్గితే బరువు కూడా తగ్గాలి గానీ, పెరగడమేంటి? మీ డాబా మీదున్న నీళ్ల ట్యాంకును తలుచుకోండి, తేలిగ్గా అర్థమవుతుంది.

ట్యాంకులోంచి ఒక పైపు కిందికి దిగింది. దాని చివర ఒక కుళాయి ఉంది. కుళాయిని బాగా బిగిస్తే నీళ్లు సన్నగా వస్తాయి. వదులు చేస్తే ధారగా వస్తాయి. ఆ బిగువే ఓములు. బిగువు ఎక్కువంటే ఓములు ఎక్కువ, నీళ్లు తక్కువ. బిగువు తగ్గిందంటే ఓములు తగ్గాయి, నీళ్లు ఎక్కువ పోతున్నాయి. ఇక్కడ నీళ్లంటే కరెంటు, ట్యాంకంటే ఆంప్లిఫయర్, కుళాయంటే స్పీకరు. అంతే.

ఇప్పుడు అదే పైపుకి పక్కపక్కనే రెండు కుళాయిలు బిగించారు. రెండూ తిప్పారు. ఏమవుతుంది? ట్యాంకు రెండింతల వేగంతో ఖాళీ అవుతుంది. రెండు కుళాయిలున్నాయి కదా, పని పంచుకుంటాయిలే, ట్యాంకుకి శ్రమ తగ్గుతుందిలే అని ఎవరైనా అంటారా? అనరు. స్పీకర్ల విషయంలో మాత్రం చాలామంది సరిగ్గా ఇలాగే అంటారు. ఒక స్పీకరుంటే మొత్తం బరువు దాని మీదే, రెండుంటే చెరిసగం అనుకుంటారు. స్పీకర్ల సంగతేమో గానీ, ఆంప్లిఫయర్ సంగతి అది కాదు. ఎన్ని కుళాయిలు పక్కపక్కన తెరిస్తే అంత నీరు అది ఇవ్వాల్సిందే.

అలా కాకుండా, ఒకే పైపు మీద రెండు కుళాయిలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టారనుకోండి. నీళ్లు మొదటిది దాటాలి, రెండోదీ దాటాలి. బిగువు మీద బిగువు. ధార సన్నబడుతుంది. ట్యాంకుకి శ్రమ తగ్గుతుంది.

స్పీకర్ల వైర్లు కలపడానికి ఉన్న పద్ధతులు కూడా ఈ రెండే. పక్కపక్కన కలిపితే పారలల్. ఒకదాని వెనక ఒకటి కలిపితే సిరీస్. పారలల్‌లో రెండు స్పీకర్ల ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట కలుస్తాయి. సిరీస్‌లో ఆంప్లిఫయర్ ప్లస్ మొదటి స్పీకరు ప్లస్‌కి వెళ్తుంది. ఆ స్పీకరు మైనస్ రెండో స్పీకరు ప్లస్‌కి వెళ్తుంది. రెండో స్పీకరు మైనస్ తిరిగి ఆంప్లిఫయర్ మైనస్‌కి వస్తుంది.

లెక్క కూడా తేలికే. రెండు 4 ఓముల స్పీకర్లు సిరీస్‌లో కలిపితే, 4, 4 కూడి 8 ఓములు. అదే రెండూ పారలల్‌లో కలిపితే 4లో సగం, అంటే 2 ఓములు. సిరీస్‌లో కూడిక. పారలల్‌లో, ఒకేరకం రెండు స్పీకర్లయితే, సగం. ఇంతకన్నా పెద్ద లెక్క మనకి అక్కర్లేదు.

ఈ లెక్క వెనకున్న సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించాడు. వోల్ట్‌లని ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 12 వోల్ట్‌లు, 4 ఓములు. భాగిస్తే 3 ఆంపియర్లు. అదే 12 వోల్ట్‌లు, 2 ఓములు. భాగిస్తే 6 ఆంపియర్లు. ఓములు సగమయ్యాయి, కరెంటు రెట్టింపయింది. ఓములు తగ్గితే భారం పెరుగుతుంది అన్నది ఇదే.

మరి కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓములే ఎందుకుంటాయి? ఇంట్లో వాడేవి 6 ఓములో 8 ఓములో ఉంటాయి కదా? కారణం కారు బ్యాటరీ. ఇంట్లో గోడ ప్లగ్గులో 230 వోల్ట్‌లుంటాయి. కారులో ఇంజను ఆగి ఉంటే 12న్నర, నడుస్తుంటే 14, అటూఇటూ. అంత తక్కువ వోల్టేజీతో గట్టిగా పాడించాలంటే కుళాయి కాస్త వదులుగా ఉండాలి. అందుకే 4 ఓములు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఇంట్లో పాత 8 ఓముల స్పీకర్లుంటే కారు ఆంప్లిఫయర్‌కి తగిలించొచ్చు. శబ్దం కాస్త తగ్గుతుంది గానీ ప్రమాదం లేదు. కారులోంచి తీసిన 4 ఓముల స్పీకర్లని మాత్రం, 8 ఓములకని తయారైన ఇంటి ఆంప్లిఫయర్‌కి తగిలించకండి. అది రెట్టింపు భారం.

ఇప్పుడు మన కార్లలో తరచూ జరిగే ఒక పని చూద్దాం. మీ కారుకి కంపెనీ వాళ్లిచ్చిన డెక్ ఉంది. నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లున్నాయి. పాట బాగానే వస్తోంది గానీ బేస్ చాలట్లేదు. వెనక ట్రే మీద రెండు ఓవల్ స్పీకర్లు పెట్టిస్తే బాగుంటుందన్నారు ఎవరో. బిగించే కుర్రాడు వెనక తలుపు స్పీకరు వైర్లు కాస్త ఒలిచి, కొత్త స్పీకరు వైర్లని వాటికే మెలిపెట్టి, టేపు చుట్టేశాడు. పావుగంటలో పనైపోయింది. పాట కూడా వచ్చింది. అందరూ సంతోషం.

కానీ లెక్క చూడండి. తలుపులో 4 ఓములు. ట్రే మీద 4 ఓములు. మెలిపెట్టడమంటే పారలల్. అంటే 2 ఓములు. ఆ డెక్ లోపలుండే చిన్న ఆంప్లిఫయర్ ఐసీ మామూలుగా 4 ఓములకని తయారవుతుంది. దాని మీద రెట్టింపు భారం పడింది. చిన్నగా పాడుకున్నంతసేపూ ఏమీ తెలియదు. హైవే ఎక్కి వాల్యూమ్ పెంచుతారు. పాట ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది. మళ్లీ పెంచితే మళ్లీ ఆగిపోతుంది. డెక్ పాడైందనుకుంటారు. నిజానికి అది తనని తాను కాపాడుకుంటోంది. వేడెక్కి ఆగుతోంది, చల్లారి పాడుతోంది. మే నెలలో, ఎండలో నిలబెట్టిన కారులో ఆ వేడి ఇంకా త్వరగా వస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఏదో ఒకరోజు ఐసీ పోతుంది.

మరి ఏం చేయాలి? అదనపు స్పీకర్లు కావాలంటే వాటికి వేరే ఆంప్లిఫయర్ పెట్టించండి. డెక్ వైర్లకి మెలిపెట్టించకండి. ఇంకో మాట. ఇప్పటి డెక్‌లలో స్పీకరు మైనస్ వైరుని కారు బాడీకి కలపకూడదు. చాలా పాతకాలం సెట్లలో బాడీనే మైనస్‌గా వాడేవారు. ఇప్పుడు రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. అందులో ఏ ఒక్కటి బాడీకి తగిలినా ఐసీకి ముప్పే.

డెక్ సంగతి వచ్చింది కాబట్టి వాట్ల సంగతి కూడా చెప్పేస్తాను. డెక్ మీద 50 వాట్లు చొప్పున నాలుగు ఛానెళ్లు అని రాసి ఉంటుంది. అంటే 200 వాట్లన్నమాట. వెనక్కి తిప్పి ఫ్యూజ్ చూడండి. 10 ఆంపియర్లుందనుకోండి. 14 వోల్ట్‌లతో గుణించండి. 140. లోపలికి వెళ్లేదే 140 వాట్లయితే బయటికి 200 వాట్లు ఎలా వస్తాయి? ఆ 50 అన్నది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా వచ్చేది ఛానెల్‌కి 20 వాట్లు, ఇంచుమించు. అందుకే పెద్ద అంకె కాదు, ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె చూడాలి. ఆ ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్ని ఓముల దగ్గర వస్తాయన్నది కూడా చూడాలి. ఈ రెండూ కలిపి చదివితేనే అర్థముంటుంది.

ఇక రెండో సందర్భం. ఇది వూఫర్ పెట్టించుకునేవాళ్లకి. కాస్త జాగ్రత్తగా వినండి.

మీ దగ్గర రెండు ఛానెళ్ల ఆంప్లిఫయర్ ఉంది. ఒక్కో ఛానెల్ 2 ఓముల వరకూ తట్టుకుంటుంది. వూఫర్ ఒక్కటే కాబట్టి, రెండు ఛానెళ్లనీ కలిపి దాన్ని నడపాలి. దీన్ని బ్రిడ్జ్ చేయడం అంటారు. ఇప్పుడు ఒకే స్పీకరుని రెండు ఛానెళ్లూ రెండు చివర్ల నుంచి పట్టి ఆడిస్తాయి. వోల్టేజీ రెట్టింపవుతుంది. దాంతో ఒక్కో ఛానెల్‌కి ఆ స్పీకరు ఉన్నదాంట్లో సగం ఓములుగా కనిపిస్తుంది. 4 ఓముల వూఫర్ బ్రిడ్జ్‌లో పెడితే ఒక్కో ఛానెల్‌కి 2 ఓముల భారం. మళ్లీ చెప్తాను. బ్రిడ్జ్‌లో 4 ఓములంటే ఛానెల్‌కి 2 ఓములతో సమానం. అందుకే అదే ఆంప్లిఫయర్ మీద, విడిగా అయితే కనీసం 2 ఓములు, బ్రిడ్జ్‌లో అయితే కనీసం 4 ఓములు అని రెండు అంకెలు రాసి ఉంటాయి.

ఇప్పుడు వూఫర్ చూడండి. చాలా వూఫర్లలో ఒక కాయిల్ కాదు, రెండు కాయిళ్లుంటాయి. అటు రెండు టెర్మినళ్లు, ఇటు రెండు టెర్మినళ్లు. ఒక రకంలో ఒక్కో కాయిల్ 4 ఓములు. ఇంకో రకంలో ఒక్కో కాయిల్ 2 ఓములు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

4 ఓముల కాయిళ్లు రెండున్న వూఫర్ కొన్నారనుకోండి. రెండు కాయిళ్లూ సిరీస్‌లో పెడితే 8 ఓములు. పారలల్‌లో పెడితే 2 ఓములు. మనకి కావలసిన 4 ఓములు ఎలా కలిపినా రావు. పారలల్‌లో పెట్టి, ఆ 2 ఓముల్ని బ్రిడ్జ్‌కి తగిలిస్తే ఒక్కో ఛానెల్‌కి 1 ఓము. తట్టుకునేది 2, పడింది 1. ప్రొటెక్షన్ లైటు వెలగడమో, ఫ్యూజ్ పోవడమో, ఇంకా కర్మ కాలితే లోపలి ట్రాన్సిస్టర్లు పోవడమో జరుగుతుంది.

అదే 2 ఓముల కాయిళ్లు రెండున్న వూఫర్ కొంటే? సిరీస్‌లో పెడితే 2, 2 కూడి సరిగ్గా 4 ఓములు. ఆంప్లిఫయర్ అడిగింది 4, మనమిచ్చింది 4. పెళ్లి కుదిరినట్టే. అందుకే వూఫర్ కొనేముందే ఆంప్లిఫయర్ ఏమి అడుగుతోందో తెలుసుకోవాలి. వూఫర్ ఇంటికి తెచ్చాక కాయిల్ ఓములు మార్చలేం.

నాలుగు స్పీకర్లని ఒకే ఛానెల్ మీద నడపాల్సి వస్తే? ఆటోల్లో, జీపుల్లో ఈ అవసరం పడుతుంది. నాలుగూ 4 ఓములవే, ఒకే మోడల్ అనుకుందాం. రెండేసి సిరీస్‌లో కలపండి. రెండు జతలొచ్చాయి. ఒక్కో జత 8 ఓములు. ఇప్పుడు ఆ రెండు జతల్నీ పారలల్‌లో కలపండి. 8లో సగం, 4 ఓములు. నాలుగు స్పీకర్లు పాడుతున్నా ఆంప్లిఫయర్‌కి ఒకే స్పీకరున్నట్టు కనిపిస్తుంది. కాకపోతే సిరీస్‌లో కలిపేవి ఒకే రకంవి కావాలి. పెద్దదీ చిన్నదీ, ఒక కంపెనీదీ ఇంకో కంపెనీదీ సిరీస్‌లో కలిపితే శక్తి సమంగా పంచుకోవు.

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావాలి. ఓములు తగ్గిస్తే వాట్లు పెరుగుతాయి కదా, భారమైతేనేం, శబ్దం రెట్టింపవుతుంది కదా అని. శబ్దం రెట్టింపు కాదండీ. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. శబ్దం రెండింతలైనట్టు వినిపించాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. కాబట్టి 4 ఓముల నుంచి 2 ఓములకి దిగి మీరు సంపాదించేది ఆ కొంచెం శబ్దం. పోగొట్టుకునేది చల్లదనం, బ్యాటరీ, ఆంప్లిఫయర్ ఆయుష్షు. రాత్రిపూట డప్పు దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయంటే, ఆంప్లిఫయర్ ఎంత కరెంటు లాగుతోందో అర్థం చేసుకోండి.

ఇక వైర్ల సంగతి. వైరుకి కూడా కొన్ని ఓములుంటాయి. 1.5 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకోండి. ఆంప్లిఫయర్ నుంచి స్పీకరు దాకా 5 మీటర్లు. వెళ్లేది 5, వచ్చేది 5, మొత్తం 10 మీటర్లు. దాని నిరోధం 0.12 ఓములు, కొంచెం అటూఇటూ. స్పీకరు 4 ఓములైతే అది లెక్కలోకి రాదు. నూటికి మూడు పాళ్లే. అదే 1 ఓము వూఫర్‌కైతే నూటికి పన్నెండు పాళ్లు. అంటే ఓములు తగ్గేకొద్దీ వైరు లావుగా ఉండాలి. కొనేటప్పుడు అది నిజంగా రాగేనా అని చూడండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే వైర్లు చవగ్గా దొరుకుతాయి. అల్యూమినియం కరెంటుని రాగి అంత బాగా మోయదు. అలాంటి వైరైతే ఇంకా లావుది తీసుకోవాలి. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి వచ్చే వైరుకి, బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల లోపు ఫ్యూజ్ ఉండి తీరాలి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలంటుకోకుండా ఆపేది ఆ ఫ్యూజే.

చివరిగా, మీరే చేసుకోగల పరీక్ష ఒకటి చెప్తాను. దీనికి కావలసింది ఒక మామూలు మల్టీమీటరు. ఆంప్లిఫయర్ ఆపేయండి. స్పీకరు వైర్లు ఆంప్లిఫయర్ దగ్గర విప్పండి. మీటరుని ఓముల మీద పెట్టి, ముందు దాని రెండు మొనలూ ఒకదానికొకటి తాకించండి. 0.2 అనో 0.3 అనో చూపిస్తుంది. అది మీటరు వైర్లదే. తర్వాత వచ్చే అంకెలోంచి దాన్ని తీసేయండి. ఇప్పుడు స్పీకరు వైర్ల చివర్లు కొలవండి. 4 ఓముల స్పీకరైతే 3.2 నుంచి 3.7 మధ్య ఏదో ఒకటి చూపిస్తుంది. 4 రాలేదని కంగారుపడకండి. మీటరు చూసేది కాయిల్ నిరోధం ఒక్కటే. పాట నడిచేటప్పుడు ఉండే మొత్తం నిరోధం, అంటే ఇంపిడెన్స్, సాధారణంగా దానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. కాబట్టి మూడున్నర చూపిస్తే 4 అని అర్థం. ఒకటీ ముప్పావు, అటూఇటూ చూపిస్తే 2 ఓముల కింద లెక్క. సున్నా చూపిస్తే ఎక్కడో వైర్లు తగులుకున్నాయి. అసలేమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. తర్వాత ఒక్కో వైరుకీ కారు బాడీకీ మధ్య కొలవండి. అక్కడ ఏమీ చూపించకూడదు.

ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తారుమారైతే ఆంప్లిఫయర్‌కి ఏమీ కాదు గానీ బేస్ చచ్చిపోతుంది. ఒక స్పీకరు ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. అనుమానముంటే ఆంప్లిఫయర్ దగ్గర విప్పిన వైర్లకి ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లుని ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి కదులుతుంది. లోపలికి కదిలితే వైర్లు తిరగబడ్డట్టే.

శ్రోతలారా, చెప్పినదంతా మూడు మాటల్లో మళ్లీ చెప్తాను. ఆంప్లిఫయర్ కనీసం ఎన్ని ఓములు అడుగుతోందో ముందు చదవండి. స్పీకర్లు కలిపితే ఎన్ని ఓములొస్తాయో లెక్క చూడండి. సిరీస్‌లో కూడిక, పారలల్‌లో సగం. లెక్కలో వచ్చిన అంకె ఆంప్లిఫయర్ అడిగినదానికి సమానంగానైనా ఉండాలి, ఎక్కువైనా ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు.

పని పూర్తయ్యాక, ఏ ఛానెల్‌కి ఏ స్పీకర్లు, ఎలా కలిపారు, మొత్తం ఎన్ని ఓములు అన్నది ఒక కాగితం మీద రాయించి ఆంప్లిఫయర్ పక్కనే అంటించండి. బిగించినవాళ్లు ఆ అంకె చెప్పలేకపోతే, ఆ కారులో వాల్యూమ్ పెంచకండి.